‘వెళ్లొస్తాం’ అని చెప్పే వెళ్లండి

మన ఇళ్లలో బయటికి వెళ్లేవాళ్లు ‘పోతున్నా’ అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. ‘అదేం మాట! వెళ్లొస్తానని చెప్పు’ అని సరిదిద్దుతారు. నెల్లూరు వైపైతే ‘పోయొస్తా’ అంటారు. వెళ్లడంతోపాటు తిరిగి రావడం కూడా ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్తూ కూడా ఈ మాట చెప్పే మనం, రెండేళ్ల పిల్లను ఇంట్లో ఉంచి నాలుగు రోజుల విహారానికి బయల్దేరేటప్పుడు మాత్రం చెప్పం. పాప నిద్రలో ఉండగానే తెల్లవారుజామున బ్యాగులు కారులో పెట్టేస్తాం. లేదంటే తాతయ్య బాబును మేడ మీదికి తీసుకెళ్లి కాకుల్ని చూపిస్తుంటే, ఇటు చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాటుతాం. అడిగితే ‘చెబితే ఏడుస్తాడండీ’ అంటాం.

పిల్లల్ని పెద్దవాళ్ల దగ్గర ఉంచి భార్యాభర్తలు రెండు మూడు రోజులు ఎక్కడికైనా వెళ్లిరావడం తప్పు కాదు. చెప్పకుండా వెళ్లడం మాత్రం తప్పే. పసివాళ్లను బాధపెట్టేది అమ్మానాన్నల ప్రయాణం కన్నా, వాళ్లు ఉన్నట్టుండి మాయమైపోవడం. ఈ రెంటికీ తేడా తెలుసుకుంటే ప్రయాణం మీకూ సుఖంగా ఉంటుంది, పిల్లలకూ భయం పట్టుకోదు.

వెళ్తే తప్పేంటి?

నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి కారులో మూడు, నాలుగు గంటలు. అక్కడి నుంచి అండమాన్‌కు విమానంలో రెండు గంటల పైచిలుకు. గోవా, మాల్దీవులు, థాయ్‌లాండ్ కూడా ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాలకు అందని చోట్లు కావు. పెళ్లయిన ఏడాదికో రెండేళ్లకో బిడ్డ పుట్టాక, ఆలుమగలు ఇద్దరూ కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుని ఎంతకాలమైందో వాళ్లకే గుర్తుండదు. రాత్రి నిద్ర సరిగా ఉండదు. ఉన్న కాస్త సమయం ఉద్యోగానికి, పాల సీసాలకు, టీకాల తేదీలకు సరిపోతుంది. రెండు రోజుల విశ్రాంతి కోరుకోవడం స్వార్థం కాదు. అలసిపోయిన తల్లికి, విసిగిపోయిన తండ్రికి అది అవసరం.

అయితే ‘పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్లగలిగావమ్మా?’ అనే ప్రశ్న మాత్రం ఎప్పుడూ తల్లికే ఎదురవుతుంది. ఆఫీసు పని మీద తండ్రి పది రోజులు బెంగళూరు వెళ్లొస్తే ఎవరూ అడగరు. ఆ ప్రశ్నను మనసులో మోసుకుంటూ సముద్రం ఒడ్డున కూర్చున్న తల్లి గంటకోసారి ఫోన్ చేస్తుంది, అన్నం సహించదు, రెండో రోజే తిరిగి వెళ్లిపోదామంటుంది. బిడ్డ గుర్తుకు రావడం సహజం. దాన్ని నేరంగా భావించాల్సిన పనిలేదు. మీరు చేయాల్సిన ఏర్పాట్లు చేసి, చెప్పాల్సిన మాట చెప్పి వచ్చినట్లయితే ఆ బెంగ ఉంటుంది గానీ, అపరాధ భావన ఉండదు.

పసివాడు ఏడ్చేది ఎందుకు?

నాలుగైదు నెలల బిడ్డ ఎవరు ఎత్తుకున్నా నవ్వుతుంది. ఎనిమిది నెలలు వచ్చేసరికి కథ మారుతుంది. కంటికి కనిపించకపోయినా అమ్మ ఎక్కడో ఉందని బిడ్డకు తెలియడం మొదలవుతుంది. కానీ ఆమె తిరిగి వస్తుందన్న నమ్మకం ఇంకా కుదరదు. అందుకే అమ్మ వంటింట్లోకి వెళ్లినా ఏడుపే. చాలామంది పిల్లల్లో ఈ ఎడబాటు భయం 10 నుంచి 18 నెలల మధ్య ఎక్కువగా ఉంటుంది. మూడేళ్లు వచ్చేసరికి నెమ్మదిస్తుంది. ఇది గారాబమూ కాదు, మొండితనమూ కాదు. ఎదుగుదలలో ఒక మెట్టు.

మనం ఆడించే ‘దాగుడుబూచి’ ఈ వయసుకు తగిన మంచి పాఠం. కొంగు అడ్డం పెట్టుకుని, తీసి ‘బూ’ అంటే బిడ్డ కిలకిలా నవ్వుతుంది. ‘కనిపించని అమ్మ మళ్లీ కనిపిస్తుంది’ అన్నది ఆ ఆటలో నేర్చుకునే సంగతి. దొంగచాటుగా వెళ్లిపోయినప్పుడు ఆ పాఠాన్ని మనమే చెరిపేస్తాం. అలా ఒకసారి మోసపోయిన పసివాడు ఆ తర్వాత స్నానాల గది తలుపు దగ్గర కూడా కాపలా కాస్తాడు. నిద్రపోవడానికి భయపడతాడు. వాడి లెక్క ప్రకారం కళ్లు మూస్తే అమ్మ పోతుంది.

ఒక పాత సినిమా నేర్పిన పాఠం

ఈ విషయం మీద లోకం కళ్లు తెరిపించినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు బ్రిటన్ వారు. ఒకరు మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ. తల్లి సంరక్షణకు, పిల్లల మానసిక ఆరోగ్యానికి ఉన్న సంబంధంపై ఆయన రాసిన నివేదికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ప్రచురించింది. రెండోవారు ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్. ఆ రోజుల్లో బ్రిటన్ ఆసుపత్రుల్లో చేరిన పిల్లల దగ్గర తల్లిదండ్రులను ఉండనిచ్చేవారు కాదు. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న ఓ రెండున్నరేళ్ల పాపను రాబర్ట్‌సన్ సినిమాగా తీశారు. 1952లో వచ్చిన ఆ చిత్రంలో పాప పెద్దగా గొడవ చేయదు. కానీ ఆ నిశ్శబ్దంలోని బెంగ చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది. అమ్మకు దూరమైన పసివాళ్లు మొదట గట్టిగా ఏడ్చి నిరసన తెలుపుతారు, తర్వాత దిగులుపడి ముడుచుకుపోతారు, ఎడబాటు మరీ ఎక్కువైతే చివరికి పట్టనట్టు ఉండిపోతారు అని వారు గుర్తించారు.

మనకు మరింత పనికొచ్చేది వారి తర్వాతి పని. జేమ్స్, ఆయన భార్య జాయిస్ కలిసి 1960ల చివర్లో మరికొందరు పిల్లల్ని గమనించారు. 17 నెలల బాబు ఒకడిని, తల్లి రెండో కాన్పుకు వెళ్లడంతో, తొమ్మిది రోజులు శిశు సంరక్షణ కేంద్రంలో ఉంచారు. అక్కడి ఆయాలు మంచివాళ్లే. కానీ పూటకొకరు మారిపోయేవారు. వాడు ఒకరి తర్వాత ఒకరి ఒడి వెతుక్కుని, ఎవరూ నిలకడగా దొరక్క కుంగిపోయాడు. తొమ్మిదో రోజు తల్లి వస్తే ఆమె దగ్గరికి వెళ్లడానికీ ఇష్టపడలేదు. మరికొందరు పిల్లల్ని రాబర్ట్‌సన్ దంపతులు తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. ముందే పరిచయం చేసుకున్నారు. పిల్లల దుప్పటి, బొమ్మలు వెంట తెప్పించారు. అమ్మ ఫొటో చూపిస్తూ ఆమె గురించి మాట్లాడారు. ఇంట్లో జరిగే పద్ధతిలోనే తిండి, నిద్ర సాగనిచ్చారు. ఆ పిల్లలకూ బెంగ కలిగింది. అయినా తట్టుకున్నారు. వారిలో ఒక పాప ఏకంగా 27 రోజులు ఉంది.

దీన్నిబట్టి ఎన్ని రోజులు అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎవరి దగ్గర, ఎలా అన్నవీ అంతే ముఖ్యం. పాపకు బాగా మాలిమి అయిన అమ్మమ్మో, నాయనమ్మో, పిన్నో మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉంటే సగం భారం తీరినట్టే. రెండు రోజులు ఈ ఇంట్లో, రెండు రోజులు ఆ ఇంట్లో అని వంతులు వేయడం మాత్రం మంచిది కాదు. వీలైతే పిల్లల్ని వాళ్లింట్లోనే ఉంచి, పెద్దవాళ్లనే అక్కడికి రమ్మనండి. అదే మంచం, అదే గోడ, అదే పక్కింటి కుక్కపిల్ల ఉంటే పసివాడికి ధైర్యం.

ఏ వయసులో ఎన్ని రాత్రులు?

దీనికి వైద్యశాస్త్రంలో రాసిపెట్టిన లెక్కేమీ లేదు. నా సలహా ఇదీ. ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు తల్లిపాలే ఆహారం కాబట్టి ఆ లోపు తల్లి ఒక్కతే వెళ్లే ఆలోచన వద్దు. వెళ్తే ముగ్గురూ వెళ్లండి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఒక్క రాత్రి చాలు, అదీ దగ్గర ఊరికే. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వరకు రెండు రాత్రులు. మూడు దాటి మాట అర్థమయ్యే పిల్లలైతే మూడు, నాలుగు రాత్రులు. బిడ్డకు ఒంట్లో బాగోనప్పుడు, కొత్తగా బడిలో చేరినప్పుడు, ఇల్లు మారినప్పుడు, తమ్ముడో చెల్లెలో పుట్టిన కొత్తలో ప్రయాణం వాయిదా వేసుకోండి. ఒకేసారి రెండు మార్పులు పసివాళ్లు మోయలేరు.

పాలిచ్చే తల్లులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. రెండేళ్లు, ఆపైనా తల్లిపాలు కొనసాగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క రాత్రి దూరంగా ఉన్నా పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతాయి, జ్వరం కూడా రావచ్చు. బిడ్డ తాగే వేళలకే పాలు పిండేయాలి. ముందుగా తీసిపెట్టిన పాలు 25 డిగ్రీల లోపు వేడి ఉన్న గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంటాయి. మన ఎండల్లో గదిలో ఉంచే మాటే వద్దు, తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు అరలో కాకుండా లోపలి వైపు పెట్టాలి.

ముందు మైపాడు, తర్వాత అండమాన్

మొదటిసారే నాలుగు రాత్రుల విమాన ప్రయాణం పెట్టుకోకండి. నెల్లూరు వారికి సముద్రం ఎంతో దూరంలో లేదు. ఊరి నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. సాయంత్రం వెళ్లి, ఒక రాత్రి ఉండి, మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రండి. బిడ్డకు జ్వరం వచ్చినా, అమ్మమ్మకు కళ్లు తిరిగినా గంటలో ఇంట్లో ఉంటారు. ఈ చిన్న ప్రయాణం బిడ్డకు ఒక అనుభవాన్నిస్తుంది: అమ్మానాన్న వెళ్లారు, చెప్పినట్టే వచ్చారు. ఆ నమ్మకం మీదే రేపటి అండమాన్ ప్రయాణం ఆధారపడుతుంది. ఎవరికి తెలుసు, మైపాడు ఇసుకలో చెప్పులు విడిచి గంటసేపు నడిచాక మీకు కావాల్సింది దూరం కాదు, తీరికేనని తోచవచ్చు కూడా. ఒక్క జాగ్రత్త. ఏ తీరమైనా సరే, లోతుకు దిగవద్దు. ఇంట్లో చిన్నపిల్లలు ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు ఇద్దరూ ఒకేసారి అలల్లోకి వెళ్లడం అసలే వద్దు.

నెలను కూడా చూసుకోండి. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, జాతీయ రహదారిపైనా రాకపోకలు నిలిచాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయం మూతపడింది. మూడు రోజులని చెప్పి వెళ్లిన మీరు ఐదో రోజుకు గానీ రాలేకపోతే మందులు, పాలు, డైపర్లు, పెద్దవాళ్ల ఓపిక అన్నీ అయిపోతాయి. ఆ నెలల్లో ప్రయాణం తప్పనిసరైతే రెండు రోజుల సామాను అదనంగా ఉంచండి. బిడ్డకు ‘శనివారం వస్తాం’ అని గట్టిగా మాటివ్వడం కూడా వద్దు. రాక ఆలస్యమైతే ఆ సంగతి మీరే ఫోన్‌లో చెప్పండి.

ఎలా చెప్పాలి?

నెల ముందు చెబితే పసివాళ్లు అనవసరంగా దిగులుపడతారు. రెండు మూడేళ్ల వాళ్లకు ఒక రోజు ముందు చాలు. ఐదేళ్ల వాళ్లకు మూడు నాలుగు రోజుల ముందు చెప్పొచ్చు. ‘బుధవారం’ అంటే వాళ్లకు తెలియదు. ‘నువ్వు రెండుసార్లు బజ్జుంటే మేం వచ్చేస్తాం’ అంటే తెలుస్తుంది. ఒక గిన్నెలో రాత్రికొకటి చొప్పున గవ్వలో, గోళీలో వేసి, రోజూ పొద్దున్నే అమ్మమ్మ చేత ఒకటి తీయించండి. నోట్లో పెట్టుకునే వయసైతే గవ్వలు వద్దు, క్యాలెండర్ మీద గీత గీయిస్తే చాలు.

బయల్దేరేటప్పుడు పాప మెలకువగా ఉండాలి. కూర్చుని కళ్లలోకి చూసి, ముద్దు పెట్టి, ‘వెళ్లొస్తాం తల్లీ, రెండు రాత్రులు అయ్యాక వచ్చేస్తాం, అందాకా అమ్మమ్మ దగ్గర ఉండు’ అని చెప్పండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మళ్లీ వెనక్కొచ్చి ఎత్తుకుని, మళ్లీ దించి, మళ్లీ ఎత్తుకుని అరగంట సాగదీయకండి. గేటు దగ్గర ఏడ్చే పిల్లలు చాలావరకు కాసేపటికి అమ్మమ్మ ఒళ్లో సర్దుకుంటారు. చెప్పకుండా పోతే మాత్రం ఆ పూటకు ఏడుపు తప్పుతుంది గానీ ఆ వెతుకులాట రోజంతా ఉంటుంది.

అమ్మ వాడిన చున్నీయో, పాత చీరో పిల్లల పక్కలో ఉంచండి. ఆ వాసన తోడుగా ఉంటుంది.

పెద్దవాళ్లకు రెండు మాటలు

పిల్లలు ఏడుస్తుంటే మన ఇళ్లలో అలవాటుగా అనే మాటలు రెండున్నాయి. ఒకటి ‘ఇప్పుడే వచ్చేస్తారు’. రెండోది ‘ఏడిస్తే మీ అమ్మ ఇక రాదు’. మొదటిది అబద్ధం, సాయంత్రానికి బయటపడిపోతుంది. రెండోది బెదిరింపు. పసివాడు దాన్ని నమ్ముతాడు. అమ్మ వెళ్లిపోయింది తన వల్లేనని, తను ఏడుస్తున్నందుకే రావడం లేదని అనుకుంటాడు. ఏడుపు మింగుతాడు. పెద్దవాళ్లు ‘చూశావా, ఎంత బుద్ధిగా ఉన్నాడో’ అని మురుస్తారు. మీరు ఎన్ని ఏర్పాట్లు చేసినా ఈ ఒక్క మాట వాటన్నిటినీ పాడుచేస్తుంది. అందుకే బయల్దేరే ముందే అత్తయ్యకో అమ్మకో నెమ్మదిగా చెప్పండి: ‘ఏడిస్తే ఏడవనీ అమ్మా. అమ్మ గుర్తొచ్చిందా నాన్నా, వస్తుందిలే, రెండు రాత్రులేగా అని దగ్గరికి తీసుకో.’ ఆజ్ఞలా కాకుండా సాయం అడిగినట్టు చెబితే ఏ పెద్దవాళ్లూ కాదనరు.

వాళ్ల ఆరోగ్యాన్నీ తలచుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ రెండేళ్లవాడి వెంట పరుగెత్తలేదు. పనిలో సాయానికి ఒక మనిషిని ఏర్పాటు చేయండి. బీపీ, షుగరు మాత్రలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టించండి. దిండు కింద, టీవీ పక్కన పెట్టుకునే అలవాటు ఎంతోమంది పెద్దవాళ్లకు ఉంటుంది. పిల్లాడు మిఠాయి అనుకుని ఒక్క షుగరు మాత్ర మింగినా ప్రమాదమే. నీళ్ల సంపు మూత, మేడ మెట్ల తలుపు, బకెట్లలో నిలవ నీళ్లు చూసుకోండి. వేరుశనగ గింజలు, ద్రాక్ష పళ్లు చిన్నపిల్లలకు అలాగే ఇవ్వొద్దని చెప్పండి.

ఒక కాగితం మీద పిల్లల డాక్టరు ఫోన్ నంబరు, బిడ్డ బరువు, ఆ బరువుకు డాక్టరు చెప్పిన జ్వరం మందు మోతాదు, పడని మందుల పేర్లు, 108 నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంచండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలని చెప్పండి.

ఫోన్ ఎప్పుడు చేయాలి?

చిన్నపిల్లలకు తెరలు వద్దనే వైద్యులు కూడా ఇంటివాళ్లతో వీడియో కాల్‌కు అభ్యంతరం చెప్పరు. కానీ దానికీ వేళ ఉంది. నిద్రపోయే ముందు చేస్తే సద్దుమణిగిన బెంగ మళ్లీ లేస్తుంది. పగలు, టిఫిన్ తిని హుషారుగా ఉన్నప్పుడు, రోజూ ఒకే వేళకు ఐదు నిమిషాలు చాలు. ‘అమ్మ గుర్తుందా? అమ్మ కావాలా?’ అని అడగకండి. ‘పొద్దున ఏం తిన్నావు? కుక్కపిల్ల ఏం చేస్తోంది?’ అని అడగండి. పాప ఫోన్ తోసేసి ఆటకు వెళ్లిపోతే నొచ్చుకోవద్దు. బాగానే ఉందని అర్థం. ఫోన్ పెట్టేశాక కన్నీళ్లు వస్తే రానివ్వండి. పక్కన భర్త ఉన్నాడుగా, అతనికీ గుర్తొచ్చే ఉంటుంది. ఆ మాట ఒకరికొకరు చెప్పుకోవడానికి కూడా ఈ ప్రయాణం పనికొస్తుంది.

తిరిగొచ్చాక

మీరు ఊహించినట్టు పిల్లలు పరుగెత్తుకొచ్చి వాటేసుకోకపోవచ్చు. కొందరు మొహం తిప్పుకుంటారు. అమ్మమ్మ కొంగు వదలరు. కొందరు ఆ క్షణం నుంచి మిమ్మల్ని వదలరు, రాత్రి లేచి తడిమి చూస్తారు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతారు. ఇవన్నీ కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. ‘అప్పుడే మర్చిపోయావా నన్ను?’ అని నిష్ఠూరమాడకండి. వాడు మర్చిపోలేదు, అలిగాడు. బొమ్మలతో కొనే ప్రయత్నమూ వద్దు. కింద చాప మీద కూర్చుని, ‘వస్తామని చెప్పాంగా, వచ్చేశాం’ అని ఆ మాట గుర్తుచేయండి. మర్నాడే ఆఫీసుకు పరుగెత్తకుండా ఒక రోజు సెలవు మిగుల్చుకోండి. రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి, ఆట మామూలు కాకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

విహారాలు మన ఇష్టం. కానీ కడప, గోదావరి జిల్లాల నుంచి, మన నెల్లూరు ప్రాంతం నుంచి కూడా ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే తల్లులకు ఆ ఇష్టాయిష్టాలు లేవు. ఏళ్ల తరబడి బిడ్డను అమ్మమ్మకు అప్పగించి వెళ్తారు. ‘చెబితే తట్టుకోలేడు’ అని వాళ్లలోనూ కొందరు అర్ధరాత్రి బస్సెక్కుతారు. మీ వీధిలో, మీ ఇంట్లో పనిచేసేవారి కుటుంబంలో అలాంటి తల్లి ఉంటే, ఆమెకూ ఈ మాట చేరవేయండి. రెండు రాత్రులకే ఇంత అవసరమైన మాట, రెండేళ్లకు ఇంకెంత అవసరమో ఆలోచించండి.

ఈ వేసవికో, సంక్రాంతి సెలవులకో మీరూ టికెట్లు చూస్తూ ఉండవచ్చు. చూడండి, వెళ్లండి. హోటల్ గది, విమానం వేళ, పెట్టెల బరువు అన్నీ సరిచూసుకున్నాక, పిల్లలకు ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో కూడా ఇద్దరూ కూర్చుని అనుకోండి. చెప్పిన రోజుకు చెప్పినట్టే ఇంటికి రండి.